ఎండిపోయిన స్లైడ్లు

ఎనభైల్లో పొదిలి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఆ కొత్తలోనే గుంటూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి క్యాంపు పెట్టారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చెక్కపుల్లతో కాస్త గీకి, గాజు స్లైడు మీద పూసి, వెంటనే స్పిరిట్లో ముంచి గుంటూరు పంపితే, క్యాన్సర్ ముదరకముందే తెలిసిపోతుందన్నారు. వినడానికి తేలికగానే ఉంది. ఆడవాళ్లే రాలేదు.

మిరపకాయ కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కూలి మానుకుని, చీర పైకెత్తి బల్ల మీద పడుకోవడానికి ఎవరొస్తారు? చివరికి, చర్చిలో ఆడవాళ్లకి బైబిలు చదివి చెప్పే ఆవిడ ముందుకొచ్చింది. భర్త పోయాడు. ఆమె కూడా కోతకెళ్లే మనిషే.

"ముందు నాకు చెయ్యి సిస్టరమ్మా. నేను నవ్వుతా బయటికొస్తే వాళ్లే వస్తారు."

అలాగే నవ్వుతూ వచ్చింది. మధ్యాహ్నానికి మా రేకుల షెడ్డు ఆడవాళ్లతో నిండిపోయింది.

గుంటూరు నుంచి కబురు వచ్చేసరికి కల్లాల్లో కాయలు కూడా ఎత్తేశారు. చాలా స్లైడ్లు మా రేకుల షెడ్డు వేడికి స్పిరిట్లో పడకముందే ఎండిపోయాయట. చూడ్డానికి వీల్లేదు, మళ్లీ తియ్యమన్నారు. ఆమెదీ అందులోనే ఉంది. అప్పటికి డాక్టరమ్మకి బదిలీ అయింది, మళ్లీ క్యాంపు పెట్టేవాళ్లు లేరు.

"గుంటూరెళ్లి మళ్లీ చేయించుకో అక్కా," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

"నాకేం బాధ లేదుగా," అంది.

తర్వాతి ఏడు పత్తి తీతలప్పుడు తనే వచ్చింది. ముట్లు ఆగి ఏళ్లయినా మళ్లీ ఎర్రబట్ట కనబడుతోందట. టార్చిలైటు వేసి చూశాను. స్లైడుతో పనే లేదు. పుండు కంటికే కనబడుతోంది, దూది తగిలితే చాలు రక్తం.

గుంటూరు తీసుకెళ్లాను. "బాగా ముదిరిపోయిందమ్మా. కరెంటు పెట్టినా, అదే రేడియేషన్ ఇచ్చినా, కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది, అంతే," అన్నారు అక్కడి డాక్టరు.

తిరుగు బస్సులో అడిగింది.

"అప్పుడు తీసిందాంట్లో ఇది తెలీలేదా సిస్టరమ్మా?"

"అది ఎండిపోయిందక్కా. అందులో ఏమీ కనబడలేదు."

"నన్ను చూసి వచ్చారే, వాళ్లవో?"

"చాలామందివి అంతే."

ఊరొచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

వానలు పడకముందే పోయింది. చివరి రోజుల్లో ఆ పుండు వాసనకి చుట్టాలు గడప దాటి లోపలికి రాలేకపోయారు. ఆమె కోడలూ నేనూ గుడ్డలు మార్చేవాళ్లం.

కొన్నాళ్లకి మళ్లీ క్యాంపు అన్నారు. ఇంటింటికీ తిరిగి పిలిచాను. అప్పట్లో ఆమె వెనకే వచ్చినావిడ చేట దించకుండానే అంది:

"ఆవిడ చేయించుకుందిగా సిస్టరమ్మా. బతికిందా?"

ఒక్కరూ రాలేదు. క్యాంపు వాళ్లు మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయారు.