సీటు సంగతి చెప్పే మనిషి

ధనుంజయరావు పికప్ బండిలో వణుకు ఎప్పుడు పోయింది? ఈ ప్రశ్నకు రాఘవయ్య దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఒక మిర్చి పంట కాలమంతా ఆ బండిలో ఎడమ సీటు మీద కూర్చున్నది ఆయనే. ఆయనకే తెలియకపోతే ఇక తెలిసినవాడు ఒక్కడే మిగులుతాడు. వాడు చెప్పడు.

ధనుంజయరావు ఎండను సహిస్తాడు, ఎలక్షన్లను సహిస్తాడు, చేలో తెగులును కూడా సహిస్తాడు. వణుకును మాత్రం సహించలేడు. ఊగే కుర్చీ, గడగడలాడే గ్రైండరు, తల తిప్పే ఫ్యాను ఎక్కడ కనిపించినా ఆయన చెయ్యి అక్కడికి పోతుంది. గురజాలలో ఒక పెళ్లికి వెళ్లి, సరిగ్గా ముహూర్తం వేళకు మండపంలో ఫ్యాను ఆపించి, కుర్చీ ఎక్కి రెక్కలు సరిచేయడం మొదలుపెట్టాడు. మే నెల. పురోహితుడు మంత్రం ఆపి పైకి చూశాడు. “పైన ఫ్యాను ఊగుతా ఉంటే కింద కాపురం ఎట్టా నిలబడిద్దయ్యా?” అన్నాడు ధనుంజయరావు, కిందికి చూడకుండా. ఆ కాపురం ఇప్పటికీ బాగానే ఉంది. దాని ఘనత తనదేనని ఆయన నమ్మకం.

రాఘవయ్య భార్య రంగనాయకమ్మ పోయిన రోజున కూడా అంతే. వచ్చిన వాళ్లందరూ ఏదో ఒక ఓదార్పు మాట చెప్పారు. ధనుంజయరావు వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమెను పడుకోబెట్టిన ఫ్రీజరు పెట్టె నేల సమంగా లేక పొద్దుటి నుంచి దడదడమంటోంది. ఆయన పెరట్లోకి వెళ్లి ఒక పెంకు ముక్క తెచ్చి, దాని కాలి కింద పెట్టి, అరచేత్తో తడిమి చూసుకుని వెళ్లిపోయాడు. ఆ చప్పుడు ఆగాకే రాఘవయ్యకు ఏడుపొచ్చింది.

ఇంతటి మనిషి తన బండికి తానే వణుకు కొని తెచ్చుకున్నాడు. వానాకాలంలో నల్లరేగడి చేలోకి బండి దిగితే బయటికి రావడం లేదని, ఆ బండికి మించిన టైర్లు వేయించాడు. చిన్నపిల్లవాడు తండ్రి చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చినట్టుండేది ఆ బండి. బురదలో బ్రహ్మాండంగా నడిచింది. తారు రోడ్డెక్కి అరవై దాటేసరికి స్టీరింగు గజగజ వణికింది. ఊరికి పండగైంది. ఇన్నాళ్లూ ఆయన చేతిలో మిక్సీలు, మంచాలు పోగొట్టుకున్న వాళ్లంతా బండికి జ్వరం తగ్గిందా అని పనిగట్టుకుని అడిగి వెళ్లేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆయన రాఘవయ్య గుమ్మం ముందు బండి ఆపాడు.

రాఘవయ్య అప్పటికి గేటు దాటడం మానేశాడు. చేనుకు పోడు, టీ కొట్టుకు పోడు. ధరణికోట నుంచి బావమరిది గోపాలకృష్ణయ్య ఫోన్ చేసి ఒక్కసారి వచ్చి పొమ్మని అడిగినప్పుడల్లా, వస్తాలే అని పెట్టేసేవాడు. అది రంగనాయకమ్మ పుట్టిల్లు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లోకి ఆయన ఎప్పుడూ ఆమె వెనకే అడుగుపెట్టాడు. ముందు ఆమె మాట లోపలికి వెళ్లేది, తర్వాత ఆయన వెళ్లేవాడు. ఆమె లేకుండా ఆ గడప ఎలా దాటాలో ఆయనకు తోచలేదు. ఆ ఇంటి మీద మనసు మాత్రం రోజూ పోయేది.

“బాబాయ్, ఒకసారి ఎక్కు,” అన్నాడు ధనుంజయరావు. “స్టీరింగు వణికితే ముందు చక్రం, సీటు వణికితే వెనక చక్రం. నా చేతులు స్టీరింగు మీద ఉంటాయి. సీటు సంగతి చెప్పే మనిషి కావాల.”

“ఇంకెవరూ దొరకలేదంట్రా?”

“దొరికారు. ఒకడు ఫోను చూసుకుంటాడు, ఒకడు నిద్రపోతాడు. నువ్వయితే ఊరకే కూర్చుంటావు. నాక్కావాల్సింది అదే.”

ఊరకే కూర్చోవడం ఒక అర్హత అవుతుందని రాఘవయ్య అనుకోలేదు. కోడలు భావన ఆయన కండువా తెచ్చి చేతిలో పెట్టింది. వెళ్లక తప్పలేదు.

మొదటి రోజు ఏమనిపించిందని అడిగితే నడుం నొప్పి అని చెప్పాడు. అది రోడ్డు ఖాతాలోది, కలపకూడదన్నాడు ధనుంజయరావు. వణుకులో జలజల వేరు, గడగడ వేరు, దడదడ వేరు అని దారి పొడుగునా పాఠం చెప్పాడు. రాఘవయ్య శ్రద్ధగానే నేర్చుకున్నాడు. ఊరి చివరి దాకా వెళ్లి వచ్చారు. తర్వాత, టైరు వేడెక్కితే గానీ రోగం బయటపడదని పిడుగురాళ్ల దారిలో సగం దాకా వెళ్లారు. వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలని ఇంకో రోజు ఇంకాస్త వెళ్లారు.

కళ్లాల్లో ఎండే మిర్చి ఘాటు కిటికీలోంచి వచ్చేది. ఆ ఘాటుకు రంగనాయకమ్మ తుమ్మడం మొదలుపెడితే బస్సంతా వెనక్కి తిరిగి చూసేది. రాఘవయ్యకు తెలియకుండానే ఆ మాటలు బయటికి వచ్చేవి. ధనుంజయరావు విన్నట్టే ఉండేవాడు కాదు. నడిమధ్యలో చెయ్యెత్తి, “ఆగు బాబాయ్. ఇప్పుడు కొట్టిందా?” అనేవాడు.

“లేదు.”

“అయితే చెప్పు. పిన్ని తుమ్ముతుంటే కండక్టరు ఏమన్నాడు?”

ఒక రోజు గాలి పట్టించడానికి పిడుగురాళ్లలో, ఆ బండిని మొదటి నుంచీ చూస్తున్న జుబేర్ టైర్ల షాపు దగ్గర ఆగారు. ధనుంజయరావు ఫోను మాట్లాడుతూ రోడ్డు దాటాడు. రాఘవయ్య కిందికి దిగి, ఇంతకాలమైనా ఆ వణుకు తీయలేకపోయావేమయ్యా అని జుబేరును నిలదీశాడు.

“ఏ వణుకు పెద్దాయనా?” అన్నాడు జుబేర్. “అది ఎప్పుడో పోయింది. అందరం టైరు పెద్దదనే గోలలో పడి బయటే చూశాం. చక్రం లోపల మీ నల్లమట్టి ఎండి రాయిలాగా అతుక్కుంది. గీకి పారేసి, చక్రం బరువు సమంగా ఉండేట్టు సీసం బిళ్లలేసి పంపించా. ఇప్పుడు గాలికే వస్తాడు.”

ఎప్పుడు అని అడిగాడు రాఘవయ్య. తాను బండి ఎక్కకముందా, ఎక్కిన తర్వాతా? జుబేర్ తల గోక్కున్నాడు. గుర్తు లేదన్నాడు.

రాఘవయ్య మళ్లీ ఎక్కి ఎడమ సీటులో కూర్చున్నాడు. పెళ్లిలో ఫ్యాను ఊగితే ఓర్చుకోలేని మనిషి, బాగున్న బండికి జబ్బుందని చెప్పుకుని, ఊరంతా నవ్వుతుంటే ఇన్నాళ్లు తిరిగాడు.

ధనుంజయరావు వచ్చి బండి తీశాడు. అరవై దాటింది. సీటు పట్టుపరుపులా ఉంది.

“ఏమన్నా ఉందా బాబాయ్?”

“ఉంది,” అన్నాడు రాఘవయ్య. “కొద్దిగా ఉంది. ఇంకొంచెం దూరం పోనిచ్చి చూడు.”

ధనుంజయరావు ఒకసారి పక్కకు చూసి, మళ్లీ రోడ్డు చూసుకున్నాడు. సత్తెనపల్లి దాటింది. బండి అమరావతి దారిలోకి తిరిగింది. కృష్ణానది గాలి మొహానికి తగిలినప్పుడు రాఘవయ్య కండువా సరిచేసుకున్నాడు.

ధరణికోటలో తెలిసిన గేటు ముందు బండి ఆగింది.

“దిగు,” అన్నాడు ధనుంజయరావు. “నీ బరువు లేకుండా ఎట్టుందో ఒక రౌండు చూడాల.” బండి వెనక నుంచి ఒక సంచి తీసి రాఘవయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. అందులో ఉతికిన పంచెలు, బీపీ మాత్రలు, ఫోను చార్జరు ఉన్నాయి. మడతలు భావన మడతలే.

గేటు చప్పుడుకు గోపాలకృష్ణయ్య బయటికి వచ్చాడు. బావను ఒంటరిగా చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత వచ్చి చెయ్యి పట్టుకుని, వదల్లేదు. ఆయన కళ్లు అచ్చం అక్కవే. రాఘవయ్యకు ఆ సంగతి కొత్తగా చూసినట్టనిపించింది.

ఎప్పుడొస్తావని అడుగుదామని వెనక్కి తిరిగేసరికి బండి అప్పటికే సందు మలుపులో ఉంది. వెళ్తున్నానని ఒక మాట లేదు, కిటికీలోంచి చెయ్యైనా ఊపలేదు.

“ఎవరు బావా ఆయన? గడప దాకా వచ్చి మంచినీళ్లయినా తాగకుండా పోయాడే?” అన్నాడు గోపాలకృష్ణయ్య, సంచి అందుకుంటూ.

“మా ఊరాయనేలే. బండిలో కొంచెం వణుకుంది, చూసుకోవాల,” అన్నాడు రాఘవయ్య గడప దాటుతూ.