జేజి దిద్దిన కళ్లు

నిన్న నంద్యాలలో మా జేజికి, అంటే చనిపోయిన నాయనమ్మకు, విగ్రహం పెట్టి దాని మీది గుడ్డ తీశారు. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన తొలి ఆడమనిషి మా అమ్మేనంటూ చిన్నాయన మైకు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

మన శిల్పుల వీధిలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సంగటి ముద్దలో కూడా రాతి దుమ్ము పంటి కింద కరకరలాడేది. ముక్కుకు పాత చీర పేలిక కట్టుకుని, అమ్మవారి విగ్రహం మొత్తం జేజే చెక్కేది. చివరగా కళ్లు గీసి తెరిచే రోజు మాత్రం ఈ చిన్నాయనే తలంటుకుని వచ్చి జేజిని పక్కకు లేపేవాడు.

"ఆడోళ్లు దేవత కండ్లు ముట్టగూడదు. లెయ్‌ అమ్మా ఆడనుంచి."

ఆయన గీసిన కళ్లు ఎప్పుడూ వంకరే. ఆయన అన్నానికి పోగానే జేజి మళ్లీ ఉలి తీసేది.

"వీనికి కండ్లుండీ కనపడవు పాపా. వాకిలి కాడ నిలబడు, బేగా దిద్దేస్తా."

గుడివాళ్లు వచ్చి శాలువా కప్పేది మాత్రం ఆయనకే.

నిన్నటి విగ్రహానికీ కళ్లు తెరిచింది చిన్నాయనే. కన్నతల్లికి మెల్లకన్ను పెట్టాడు. ఎవరూ దిద్దకుండా ఆయన పని బయటికి రావడం ఇదే మొదటిసారి.