అఫ్రైడ్ పక్కన 'ఆఫ్'

జంషెడ్‌పూర్‌లో తెలుగు బడిలో తొమ్మిదో తరగతి చదివేటప్పటి మాట. 'అఫ్రైడ్' తర్వాత క్రియ వస్తే 'టు', మనిషి వస్తే 'ఆఫ్' అని చెప్పి, ఇంగ్లీషు మాస్టారు నన్ను లేపారు. కంగారులో "ఐ యామ్ అఫ్రైడ్ టు యూ" అన్నాను.

"రైల్వే ఖలాసీ కూతురికి ఇంగ్లీషెందుకే? మీ నాన్నతో పోయి పట్టాలు తుడుచుకో!" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. నాన్న మాటెత్తేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఐ యామ్ నాట్ అఫ్రైడ్ ఆఫ్ యూ!"

జడ పట్టుకుని బయటికి గెంటారు.

మర్నాడు నాన్న బడికొచ్చారు. "మా పిల్ల మాటలో తప్పేటున్నాది సారూ?"

"పొగరు."

"ఇంగ్లీసు తప్పా?"

మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగారు.

"అయితే కూకోనివ్వండి" అన్నారు నాన్న, గుమ్మంలోంచి కదలకుండా.

నన్ను కూర్చోనిచ్చారు గానీ, ఆ ఏడాదంతా మాస్టారు నా ముఖం చూడలేదు. ఇప్పటికీ ఎవరైనా గద్దిస్తే, గుమ్మంలో నాన్న నిలబడ్డ తీరే నాకు ధైర్యం.