రిక్షా టైర్ల సైకిలు

మా ఆయన పేరు యలమంద. మొగుణ్ణి పేరు పెట్టి చెబుతోందేమిటని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి. ఎక్కాల్సిన చోట ఆ పేరు ఎక్కలేదు. కనీసం నా నోటి వెంటైనా రానీయండి.

పచ్చపురుగు పడి ఈ చుట్టుపక్కల పత్తి మొత్తం తుడిచిపెట్టుకుపోయిన ఏడాది మేమూ కౌలు చేలో పత్తే వేశాం. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు. ఆ మందు తాగి మనుషులు మాత్రం చచ్చారు. ఆ ఏడాదే కౌలు వదిలేశాం. ఇక చేలో అడుగు పెట్టనని ఆయన అన్నాడు, పెట్టనివ్వనని నేనన్నాను. ఆయన చిలకలూరిపేట రోడ్డులో ఉన్న నూలు మిల్లుకు పోయి బదిలీల్లో చేరాడు. నేను కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి కుదిరాను.

బదిలీ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. మిల్లులో పర్మినెంటు వాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎవరైనా రాకపోతే ఆ పూటకు ఆ మిషను దగ్గర నిలబెట్టడానికి ఇంకొకడు కావాలి గదా, వాడే బదిలీవాడు. పొద్దున మిల్లు కూత వేసే వేళకు వచ్చి గోడ పక్కన నిలబడాలి. కూత ఆగగానే గేటు మూసేస్తారు. మేస్త్రీ లోపలికెళ్ళి ఏ మిషను ఖాళీగా ఉందో చూసుకొచ్చి, కావలసినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తాడు. పిలుపు వచ్చినవాడికి ఆ రోజు కూలి ఉంటుంది. రానివాడు సైకిలు తిప్పుకుని ఇంటికి రావడమే. అంటే ఎవడికో జ్వరం రావాలి, ఎవడింట్లోనో చావు జరగాలి, అప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగాలి. ఎంత పాపిష్టి బతుకో చూడండి.

ఒక ఉగాది వెళ్ళాక మేస్త్రీ వాళ్ళందరినీ పిలిచి ఒక మాట చెప్పాడట. మళ్ళీ ఉగాది లోపు సరిపడా రోజులు లోపలికి వచ్చి పనిచేసిన బదిలీవాళ్ళను పర్మినెంటు చేస్తారట. ఆ మాట మోసుకొచ్చిన రోజు మా ఆయన మొహం చూడాల్సింది. మా పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. పర్మినెంటు అయితే నెల జీతం, జబ్బు చేస్తే సెలవు, ఎవడి చావు కోసమూ ఎదురు చూడక్కర్లేని అన్నం. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

తీరా చూస్తే దారే మాకు శత్రువు. మా ఊరి నుంచి మిల్లుకు పోవాలంటే డొంక దారే గతి. వానలు పడితే దారి నిండా పల్లేరు కాయలు. పత్తి కట్టె పీకాక మోళ్ళు. ఇక మిరపకాయలు కల్లాలకెక్కాయంటే చెప్పనే అక్కర్లేదు. డొంకకు అటూ ఇటూ అన్నీ కల్లాలే. ఎండుతున్న కాయల్లో మేకలూ పందులూ పడకుండా ప్రతివాడూ కల్లం చుట్టూ తుమ్మ కంప వేస్తాడు. బండి చక్రాలకు చుట్టుకునీ, గాలికి కొట్టుకొచ్చీ ఆ ముళ్ళన్నీ దారిలోకే చేరతాయి. ఒక్కటి దిగిందంటే సైకిలు నడిపించుకుంటూ పోయేసరికి గేటు మూసి ఉంటుంది. అట్లా పోగొట్టుకున్న పూటలు అంతకుముందే చాలా ఉన్నాయి.

అందుకే టైర్లు మార్చాల్సిందేనని పట్టుబట్టాను. నా తొడిమల కూలి కొంగున కట్టుకుని, ఆయనతో పాటు నేనే హుస్సేన్ సాహెబ్ గారి సైకిలు షాపుకు వెళ్ళాను. ఆయన ఒక్కణ్ణే పంపితే, పాత టైరుకే ఇంకో అతుకు వేయించుకుని వచ్చే రకం.

సాహెబ్ గారు మూడు రకాలు ముందు పెట్టారు. ఒకటి మామూలు టైరు. తేలిగ్గా పరిగెడుతుంది కానీ పల్లేరు కాయ కూడా దాన్ని లెక్కచేయదు. రెండోది గాలే అక్కర్లేని గట్టి రబ్బరుది. పంక్చరన్న మాటే ఉండదు గానీ, మా డొంక గుంటల్లో అది చక్రం చువ్వలు విరగ్గొడుతుందనీ, మనిషి నడుము కూడా విరగ్గొడుతుందనీ ఆయనే చెప్పారు. మూడోది రిక్షాకు వేసే టైరు. మొద్దుది, నల్లగా లావుగా చూడ్డానికే బరువు. దాని లోపల పాత టైరు ఒకటి అంచు తీగలు కోసేసి పరిచి, ఆ పైన ట్యూబు వేస్తే తుమ్మ ముల్లు రెండింటినీ దాటి రాలేదన్నారు.

"కానీ అమ్మా, తొక్కేవాడి తొడలు లాగేస్తాయి. ఆ సంగతి ముందే చెబుతున్నా" అన్నారు.

"కాళ్ళు నేను పిసుకుతాలెండి, వేసేయండి" అన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా ఆయన సిగ్గుపడి బయటకు పోయి నిలబడ్డాడు.

ఆ టైర్లు నిజంగా మంచివి. అబద్ధమెందుకు, ఒక్క ముల్లు లోపలికి దిగలేదు. కొత్తలో ఆయన ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, పిక్కలు రాయిలాగా బిగుసుకుపోయాయని మూలిగేవాడు. నేను వేడినీళ్ళు పెట్టి, మాటిచ్చినట్టే కాళ్ళు పిసికేదాన్ని. ఆ వానాకాలమంతా కూత కంటే ముందే గేటు దగ్గర ఉన్నాడు. పిలుపులూ బాగానే వచ్చాయి. ఇట్లాగే సాగితే ఉగాదికి మన పని అయిపోయినట్టేనని ఆయన నాతో అన్నాడు. నేను నమ్మాను.

ఇక్కడ బుల్లయ్య గురించి చెప్పాలి. మా పుట్టిల్లూ ఈ ఊళ్ళోనే, ఆ వీధివాడు. నన్ను అక్కా అంటాడు, ఆయన్ని బావా అంటాడు. వాళ్ళ నాన్న పోయాక ఆ ఉద్యోగం వీడికిచ్చారు కాబట్టి ఎప్పుడో పర్మినెంటు. వాడి మిషను మా ఆయనకు కొట్టినపిండి. బుల్లయ్య రాని రోజున మేస్త్రీ వరసలో ఎవరున్నారని కూడా చూడకుండా ముందు మా ఆయన్నే పిలిచేవాడు. వాడు రాకపోతే మాకు కూలి, వాడు వస్తే మాకు అనుమానం. లెక్క అంతే.

కల్లాలు పడ్డాక, ఒక పొద్దున నేను తొడిమల పనికి ఆడవాళ్ళతో ట్రాక్టరులో పోతున్నాను. డొంక రోడ్డులో కలిసే చోట ముందు ఒక సైకిలు కనబడింది. ఆ మొద్దు టైర్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరికి ఉన్నాయి? మా ఆయన లేచి నిలబడి, ఒళ్ళంతా చెమటతో తొక్కుతున్నాడు. వెనక క్యారేజీ మీద కాళ్ళు అటూ ఇటూ వేలాడేసుకుని బుల్లయ్య కూర్చున్నాడు. వాడి ఒళ్ళో వాడి టిఫిను గిన్నె. మా ట్రాక్టరు వాళ్ళ వెనకే మిల్లు దాకా పోయింది. మేం చూస్తుండగానే వాడు గేటు దగ్గర దిగి, చొక్కా సర్దుకుని లోపలికి పోయాడు. కూత వేశారు. మా ఆయన సైకిలు గోడకానించి బదిలీల్లో నిలబడ్డాడు. ఆ రోజు ఆయనకు పిలుపు రాలేదు.

నా పక్కన కూర్చున్న అమీర్‌బీ నా మొహం చూసి, ఇది ఇవాళ కొత్త కాదు వదినా అంది. బుల్లయ్య సైకిలుకు ముల్లు దిగడమూ, దాన్ని ఏదో ఒక కల్లంలో పడేసి మా ఆయన వెనక ఎక్కడమూ వాళ్ళాయన చాలాసార్లు చూశాడట. ఊరంతా చూసింది. నాకు తప్ప అందరికీ తెలుసు.

సాయంత్రం ఇంట్లో నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. నా కూలి పోసి కొన్న టైర్ల మీద నీ పనికి అడ్డమైనవాణ్ణే కూర్చోబెట్టుకుని మోస్తావా, నీకు బుద్ధుందా అని అడిగాను. ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటూ, దారిలో మనిషి నిలబడి ఉంటే వదిలేసి ఎట్లా వస్తామని మాత్రం అన్నాడు. అదొక ఆచారం ఆ డొంకలో. పంక్చరైనవాణ్ణి దాటుకుని ఎవడూ పోడు. నాకు తెలుసు. కానీ ఆచారాలు కడుపు నిండినవాళ్ళ కోసం పెట్టినవి కావా?

మర్నాడు బుల్లయ్య ఇంటికే పోయాను. నువ్వూ రిక్షా టైర్లు వేయించుకో నాయనా, నీకు నెల జీతం వస్తోంది గదా అన్నాను. మంచిగానే అడిగాను. వాడు అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ నవ్వాడు.

"అంత బరువు ఎవడు తొక్కుతాడక్కా, రొప్పొస్తది. అయినా బావ ఎనకాలే వస్తాడు గదా."

ఆ నవ్వు మీద వేపపుల్ల పెట్టి పొడవాలనిపించింది. వాడికి దురుద్దేశం కూడా లేదు, అదే నా మంట. వాడి బరువు ఎవడి కాళ్ళ మీద పడుతోందో వాడికి తట్టనైనా తట్టలేదు. విడమరిచి చెప్పాను. నువ్వు లోపలికి పోయిన రోజున మీ బావ బయటే ఉండిపోతున్నాడ్రా అన్నాను. "నేను ఎక్కించుకోమన్నానా అక్కా, బావే ఆగుతాడు" అన్నాడు. అబద్ధం కాదు. అందుకే నోరు మూసుకుని వచ్చేశాను.

ఉగాది ముందు మేస్త్రీ పేర్లు చదివాడు. మిల్లు వెనకే ఇల్లున్న కుర్రాడి పేరు వచ్చింది. ఇంకెవరెవరివో వచ్చాయి. మా ఆయన పేరు రాలేదు. పైగా మేస్త్రీ భుజం తట్టి, ఇంకో నాలుగు పూటలు లోపలికొచ్చి ఉంటే అయిపోయేది యలమందా అని జాలి పడ్డాడట. వచ్చే ఏడాది సంగతి ఏమిటని అడిగితే, ఇక ముందు ఎవర్నీ ఖాయం చేయరని పైనుంచి చెప్పారన్నాడట.

నాలుగు పూటలు. ఆ కల్లాల రోజుల్లోనే అంతకంటే ఎక్కువసార్లు మోశాడు వాణ్ణి.

ఆ రోజు నేను అరవలేదు. అరవడానికి ఓపిక కూడా పోయింది. గుమ్మంలో ఆయన పక్కన కూర్చుని, ఇంత మంచితనం ఎవరికి కావాలయ్యా అని అడిగాను. ఏ ఒక్క రోజైనా వాణ్ణి దాటుకుని పోవాలనిపించలేదా అన్నాను.

"మంచితనమా, నా బొంద" అన్నాడు.

నా వైపు చూడకుండానే చెప్పాడు.

"పొద్దున సైకిలెక్కేటప్పుడు నేనేమని దణ్ణం పెట్టుకుంటానో తెలుసా నీకు? ఇయ్యాల బుల్లయ్య టైరుకి ముల్లు దిగాలని. రోజూ అదే. ఇంకో కోరిక లేదు నాకు. తీరా డొంకలో వాడు సైకిలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ ముల్లు నేనే గుచ్చినట్టు ఉంటదే. వాడేమో బావా అని చెయ్యూపుతాడు. ఎట్టా వదిలేసి పోను?"

నాకు ఏడుపు వచ్చింది. ఆయన మీద జాలితో అనుకునేరు, కాదు. ఒళ్ళు మండి ఏడ్చాను. కోరుకునేంత చెడ్డవాడు, కోరింది జరిగితే అనుభవించడానికి చేతకానివాడు, ఇటువంటివాణ్ణి పెట్టుకుని నేనెట్లా గట్టెక్కాలని ఏడ్చాను.

మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ బదిలీల్లో నిలబడడానికే బయల్దేరాడు. ఇంకెక్కడికి పోతాడు? గోడకున్న దేవుడి పటం ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆ దణ్ణం దేనికో ఇప్పుడు నాకు తెలుసు. ఆయన సైకిలెక్కి పోయాక అదే పటం ముందు నేనూ చేతులు జోడించాను. ముల్లు దిగాలని కాదు, దిగడానికి డొంక నిండా ముళ్ళున్నాయి. దిగిన రోజున మా ఆయన ఆగకుండా పోవాలని మొక్కుకున్నాను.

ఆ మొక్కు ఏ దేవుడూ తీర్చలేదు. కల్లాలు ఎత్తేసేదాకా ఆయన ఆగుతూనే ఉన్నాడు, బుల్లయ్య ఎక్కుతూనే ఉన్నాడు.