కాలేషా కేబిన్ బోటు

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. జువ్వలదిన్నె ఒడ్డున పడవలన్నీ పైకి లాగి ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, ఎవరైనా కొత్తవాళ్ళొస్తే వాళ్ళని చూస్తూ కాలక్షేపం చేస్తున్నారు. ఆ రోజు వాళ్ళకి దొరికిన కొత్తవాణ్ణి నేను.

నా పని పాత పడవలు చూసి చెప్పడం. పాత కారు కొనేముందు మెకానిక్కుని వెంట తీసుకెళ్ళినట్టే, పాత ఫైబర్ బోటు కొనేవాళ్ళు నన్ను పిలుస్తారు. దీన్ని సర్వే అంటారు. మాది వరి పండించే ఊరు. సర్వే అంటే గొలుసు పట్టుకుని పొలం కొలవడమే అనుకునే మా వాళ్ళకి నా ఉద్యోగం ఈనాటికీ అర్థం కాలేదు. వాళ్ళకి చెప్పనిది ఇంకొకటి ఉంది. నాకు సముద్రం పడదు. అల మీద పడవ కాస్త ఊగితే చాలు, కడుపులోదంతా బయటికొస్తుంది. ఈత రాని చేప ఉంటుందా అని నవ్వుతారని, పడవని నడిపి చూసే సీ ట్రయల్ ఎప్పుడూ కదలని ఏటి నీళ్ళలోనే కానిచ్చేసేవాణ్ణి. "ఇంజన్‌కి ఏ నీళ్ళయినా ఒకటే" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పేవాణ్ణి.

ఆ రోజు నన్ను పిలిచింది సుధాకర్ రెడ్డిగారు. విడవలూరు వైపు వరి పొలాలూ, రొయ్యల గుంటలూ ఉన్న ఆసామి. ఆయనకి కేబిన్ క్రూజర్ మీద మోజు పుట్టింది. అంటే ముందు భాగంలో చిన్న గది, అందులో ఇద్దరు పడుకునే బల్లలు ఉండే విహార పడవ. మన తీరంలో అలాంటిది కనబడటమే అరుదు. అమ్మేవాడు కాలేషా. మద్రాసులో ఒక షావుకారు పడవ మీద చాలా ఏళ్ళు పనిచేస్తే, ఆయన వ్యాపారం ఎత్తేస్తూ జీతం బదులు ఈ పడవ ఇచ్చాడట. దీన్ని అమ్మి, బావమరిదితో కలిసి వేట పడవ కొనాలని కాలేషా ఆశ. నిషేధం ఎత్తేసేలోగా బేరం తెగితే, తొలి వేటకే సొంత పడవలో వెళ్ళొచ్చు.

పొద్దున్నే పని మొదలుపెట్టాను. హల్ అంటే పడవ ఒళ్ళు. దాన్ని ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, లోపల చెమ్మపట్టి పొరలు విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. అంతా బాగానే పలికింది. కేబిన్ నేల మీద మాత్రం రబ్బరు షీటు, దానిపైన తివాచీ అంటించి ఉన్నాయి. సుత్తితో తట్టినా పలుకు తెలియలేదు. నీళ్ళు తోడే పంపు దగ్గర చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. సరేలెమ్మనుకున్నాను.

"ఏట్లో ఒక రౌండు కొట్టొస్తాం సార్" అన్నాను రెడ్డిగారితో.

"ఏట్లో ఎందుకయ్యా? నేను కొనేది సముద్రంలో తిరగడానికి గదా. బయటికి తీసకపో" అన్నాడాయన గొడుగు కిందనుంచి.

ఒడ్డున ఉన్నవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. సరేనన్నాను. నేనూ, కాలేషా ఇద్దరమే వెళ్ళాం.

ఏరు దాటి బయటికి రాగానే నా పని అయిపోయింది. మొదటి విడత పడవ బయటికే, రెండో విడత కాలేషా చొక్కా మీదికి. అతను ఇంజన్ ఆపేసి, నా తల పట్టుకుని కూర్చున్నాడు. తన తువ్వాలుతో నా మొహం తుడిచి, దాన్ని సముద్రంలో జాడించి భుజాన వేసుకున్నాడు. డబ్బాలోంచి నిమ్మకాయ తీసి కోసి, ఉప్పద్ది ఇచ్చాడు.

"సిగ్గుపడబాకండి సార్. మా మామ నలభై ఏళ్ళు వేటకి పొయినాడు, ఎక్కినప్పుడల్లా కక్కేవాడు. లోపల కాసేపు పండుకోండి."

కేబిన్ బల్ల మీదికి ఎక్కే ఓపిక కూడా లేక నేల మీదే బోర్లా పడ్డాను, చెంప తివాచీకి ఆనించి. అప్పుడు వినబడింది. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా నా చెవి కింద నీళ్ళు అటు పారుతున్నాయి, మళ్ళీ ఇటు. బిందెలో నీళ్ళు తొణికినట్టు. నేల కిందా, హల్ పైనా ఉన్న ఖాళీలో పడవ తేలడానికి ఫోమ్ నింపి మూసేస్తారు. అక్కడికి నీళ్ళు చేరకూడదు. చేరినా పంపుకి అందవు. ఇంజన్ నడుస్తుంటే ఆ చప్పుడు ఎవరికీ వినబడదు. ఏట్లో పడవ ఊగదు కాబట్టి అసలు చప్పుడే ఉండదు.

కాలేషాని పిలిచాను. అతనూ చెవి ఆనించాడు. మొహంలో నెత్తురు లేదు.

"నా బిడ్డలు ఈ నేల మీదనే పండుకుంటారు సార్" అన్నాడు.

ఒడ్డుకొచ్చాక కాలేషా ఒప్పుకోగానే నేలకి చిన్న రంధ్రం వేశాను. నల్లటి నీళ్ళు కుళ్ళు వాసనతో పైకుబికాయి. కింద ఉన్న చెక్క దూలాలు చేత్తో నలిపితే పిండయ్యాయి. ఈ పడవ కొనొద్దని రెడ్డిగారికి చెప్పాను. అంతవరకూ నా ధర్మమే.

"ఎట్టా కనిపెట్టినావయ్యా?" అని అడిగాడాయన.

"నేలకి చెవి ఆనించి విన్నాను సార్."

"చూసినారా! నాడి పట్టిన వైద్యుడు మాదిరి!" అని ఆయన అందరికీ వినబడేట్టు మెచ్చుకున్నాడు. గుంపులోంచి ఎవరో ఈల వేశారు. నేను కాలేషా వైపు చూశాను. తడి తువ్వాలు ఇంకా అతని భుజానే ఉంది. అదెందుకు తడిసిందో అతను ఒక్క మాట చెబితే నా వైద్యమంతా నవ్వులపాలు. అతను నోరు విప్పలేదు.

అప్పుడు రెడ్డిగారు అడిగాడు: "ఇతనికి ముందే తెలుసంటావా?"

తెలియదని నాకు తెలుసు. అతని మొహం నేను కళ్ళారా చూశాను. కానీ ఇవాళ కాకపోతే రేపైనా అతను పడవలో జరిగింది చెబుతాడేమో, ఆలోగానే అతని మాటకి విలువ లేకుండా చేసెయ్యాలి అనిపించింది. ఎంత నీచమైన ఆలోచన! రెప్పపాటులో వచ్చింది, రెప్పపాటులో నోట్లోంచి ఊడిపడింది.

"తెలియకుండా ఎట్లా ఉంటుంది సార్? సొంత పడవ కదా. అందుకే తివాచీ అంటించి ఉంటాడు."

"అట్టా అనబాకండి సార్" అన్నాడు కాలేషా. అంతే. తన చేతిలో ఉన్న నా గుట్టుని అప్పుడు కూడా వాడుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీరంలో పడవ బేరాలు మనిషి మాట మీదే నడుస్తాయి. కుళ్ళిన పడవని అంటగట్టబోయాడన్న పేరు పడ్డాక బావమరిది కూడా పొత్తు వద్దనేశాడు. కాలేషా వేరేవాళ్ళ పడవ మీద కూలికి పోతున్నాడని విన్నాను. నాకు మాత్రం చెవితో పడవ రోగం కనిపెట్టే సారని పేరొచ్చింది. కొత్త బేరాలొచ్చాయి. కావలిలో ఒకసారి కాలేషా ఎదురుగా వస్తుంటే పక్కనున్న చెప్పుల కొట్లోకి దూరి, అక్కర్లేని చెప్పులు బేరం చేశాను.

మరుసటి ఏడాది ఒకాయన పాత బోటు చూడమని వచ్చాడు. పడవ చూసి చెప్పే మంచి మనిషి కావాలని కాలేషాని అడిగితే నా పేరు చెప్పాడట. పైగా ఒక సంచీ ఇచ్చి పంపాడట.

"నీళ్ళలోకి పోయేముందు సారుకి ఇవి ఇమ్మన్నాడండీ. ఎందుకో చెప్పలేదు."

సంచీలో నిమ్మకాయలు. కాసేపు ఆయన ఎదుట తల ఎత్తలేకపోయాను. ఒక మనిషి మనల్ని ఇంకా మనిషిగానే చూస్తుంటే కలిగే సిగ్గు, తిట్లు తిన్నా కలగదు.

ఇప్పుడు ఎవరు పిలిచినా నాకు సముద్రం పడదని ముందే చెబుతాను, అయినా బయటికి వెళ్ళే చూస్తాను. పడవ గురించి అడిగితే చెబుతాను. అమ్మేవాడు ఎలాంటివాడని అడిగితే, అది నా సుత్తికి అందదంటాను. ఆ బోటు నాకు నేర్పిన విద్య ఇంతే.

నిమ్మకాయలొచ్చిన ఆ ఏడే మళ్ళీ వేట నిషేధం వచ్చాక, ఒడ్డున అందరూ ఉండే వేళ చూసుకుని జువ్వలదిన్నె వెళ్ళాను. కాలేషా ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. పోయినేడు నేను అబద్ధం చెప్పాననీ, నీళ్ళ సంగతి అతనికి తెలియదనీ అందరికీ వినబడేట్టు చెప్పాను. చేజారిన పొత్తు ఆ మాటతో తిరిగి రాదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

కాలేషా వల మీంచి తలెత్తాడు.

"నిమ్మకాయలు పనిచేసినాయా సార్?"

నన్ను కాపాడటానికేమో, గొంతు తగ్గించి అడిగాడు.

నేను తగ్గించలేదు. "లేదన్నా. మళ్ళీ కక్కినాను. ఆ రోజు నీ చొక్కా మీద కక్కినట్టే" అన్నాను.

ఒడ్డంతా ఒకటే నవ్వు. కాలేషా మాత్రం నవ్వలేదు. కాస్త జరిగి, పక్కన నాకు చోటిచ్చాడు.