తమ్ముడే అల్లుడైన పర్మిట్ కేసు

1954లో నన్ను మద్రాసు తంబుచెట్టి వీధిలోని ఒక ఓడ టికెట్ల ఏజెన్సీలో పర్మిట్ల గుమాస్తాగా వేశారు. నా పైన హెడ్ గుమాస్తా, ఆయన పైన యజమాని, యజమాని పైన ఒక ఫ్యాను. ఆ ఫ్యాను ఒక చుట్టు తిరిగేలోపల రాజ్యాలు మారేవి. మలయాలో స్థిరపడదలచినవాళ్ళ దరఖాస్తులు నింపడం, సాక్షుల్ని మలయా పర్మిట్ ఆఫీసు తెల్లదొర ముందు నిలబెట్టి వాళ్ళ మాటను ఇంగ్లీషులో చెప్పడం నా పని.

పెరంబూరు మంగమ్మ కేసు చూడటానికి సులువుగానే ఉంది. భర్త మునిరత్నం మలయాలో పెనాంగు దగ్గర రబ్బరుతోటలో మేస్త్రీ. తోటవాళ్ళు కాపురానికి ఇల్లిచ్చారు. వచ్చే ఓడలో భార్య దిగకపోతే ఆ ఇల్లు ఇంకో మేస్త్రీకి పోతుంది. పెళ్ళికి రిజిస్టరు కాగితం లేనివాళ్ళకు దగ్గరి బంధువు సాక్ష్యం చెప్పాలని నియమం. అందుకు మంగమ్మ తల్లి రాజమ్మ వచ్చింది. ఆమెది రాయపురంలో దగ్గితే పెనాంగులో పలికేటంత గొంతు.

మునిరత్నం నీకేమవుతాడని దొర అడిగాడు.

"నా తమ్ముడు సార్. నా సంకలో పెరిగినోడు," అంది రాజమ్మ గర్వంగా.

అక్కకూతుర్ని చేసుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. దొరగారి ఊళ్ళో మాత్రం అది పోలీసుల్ని పిలవాల్సిన సంగతి. మేనమామను భర్తగా చూపి మోసగించబోయారని రాసి, దరఖాస్తు తిరస్కరించాడు. తిరస్కరించినా ఫీజు వాపసు రాదు. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ పూర్తి ఫీజు.

"నిజం సెప్పినందుకు ఇంకో ఫీజా? అబద్ధానికి ఎంతో అడగప్పా," అంది రాజమ్మ నాతో.

"అమ్మా, ఈ తూరి నీ తమ్ముణ్ణి ఇంట్లో పెట్టేసి రా. నాకు మొగుడు కావాల," అంది మంగమ్మ.

రెండో దరఖాస్తుకు నేను ఒక వంశవృక్షం జత చేశాను. దాన్ని పరిస్తే దొర గదిలోంచి మెట్ల దాకా వచ్చింది. అందులో మంగమ్మకు అత్తగారు సొంత అమ్మమ్మ, ఆడబిడ్డ కన్నతల్లి, అన్నేమో మొగుడికి మేనల్లుడు. దొర దాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, చివరికి కళ్ళద్దాలు తీసి చూశాడు. రాజమ్మకు నేను ఒకే ఒక్క మాట నేర్పాను: అల్లుడు. ఆమె అదే చెప్పింది. దొర పాత ఫైలు తెరిచి, పోయినసారి తమ్ముడన్నావే, ఇప్పుడు కాదా అన్నాడు.

"ఎందుకు కాడు సార్? ఈడున్నా తమ్ముడే, ఆడికి పోయినా తమ్ముడే."

మరి అల్లుడెప్పుడని అడిగాడు.

"అలిగినప్పుడు సార్. కూడు తిననని మొహం తిప్పుకుంటే అల్లుడు. వీపు మీద రెండేస్తే మళ్ళీ తమ్ముడు."

నేను ఒక్క దెబ్బా తగ్గించకుండా ఇంగ్లీషు చేశాను. మరి మునిరత్నం నీ మాట వింటాడా అన్నాడు దొర.

"అక్క మాట ఇంటాడు సార్. అత్త మాటయితే ఇనడు."

దొర కలం అందుకున్నాడు. ఇంత చిక్కు అబద్ధం అల్లగలవాడు భూమ్మీద పుట్టలేదు కాబట్టి ఇది నిజమే అయి ఉండాలని నాతో అన్నాడు. సంబంధం గడిలో 'భర్త' అని రాసి, కామా పెట్టి, 'మేనమామ' అని చేర్చి, కలం నిబ్బు విరిగేటట్టు సంతకం చేశాడు.

మెట్లు దిగుతూ రాజమ్మ లెక్క తేల్చేసింది. "పోనీలేప్పా. మొదటి ఫీజు తమ్ముడికి, రెండోది అల్లుడికి. ఇల్లు మాత్రం ఒకటే ఇచ్చినారు సూడు." మంగమ్మ ఆ ఓడలోనే వెళ్ళింది, ఇల్లు దక్కింది.

ఫీజు తీసుకునేది పర్మిట్ ఇచ్చినందుకు కాదు, కాగితం చదివినందుకు. చదవవలసినదంతా మొదటిసారే అందులో ఉండాలి. ఆ తర్వాత ఆ సీటులో ఉన్నన్నాళ్ళూ, వచ్చిన ప్రతి భార్యనూ, భర్త పేరు రాసుకున్నాక, పెళ్ళికి ముందు ఆయన మీకేమయ్యేవాడని అడిగేవాణ్ణి. ఫారంలో ఆ ప్రశ్న లేదు.