నడవ దాటే లెక్క

ఆఫీసులో ఆమెను అందరూ అగ్గిపెట్టె అనేవారు. అణువిద్యుత్ కేంద్రంలో ఏ గదికి నిప్పంటుకుంటే ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. గది పొడవు వెడల్పులు, కేబుళ్లు ఎన్ని, తలుపు తెరిచుందా మూసుందా, అన్నీ ఎక్కించి తెర మీద గదిని తగలబెట్టేది. పన్నెండేళ్లలో ఆమె కాల్చని గది లేదు. ఇంట్లో స్టవ్వు వెలిగించాలంటే మాత్రం భయం, అది వేరే సంగతి.

తండ్రి పోయాక ఆమెను పెంచి పెద్దచేసింది బాబాయి. అదే కేంద్రంలో ఆపరేటరు. ముప్పై ఏళ్లుగా షిఫ్టే లోకం. సెలవిచ్చినా ఇంట్లో కాలు నిలిచేది కాదు. రెండేళ్లుగా మోకాలు అరిగిపోయి మెట్ల దగ్గర నరకం చూస్తున్నాడు. తోటివాళ్లు ఆ సంగతి కడుపులో దాచుకుని, మెట్లెక్కే పనులు తామే చేసేవారు. అగ్గిపెట్టెకూ తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

ఆ ఏడు కేబుల్ గది వంతు వచ్చింది. అక్కడ మంట లేస్తే కంట్రోల్ రూమ్‌లో మీటలు పనిచెయ్యవు. ఆపరేటరు రెండు అంతస్తులు దిగి, ఆ గది పక్క నడవ దాటి, చివరనున్న నీటి వాల్వును చేత్తో తిప్పాలి. నడవలో పొగ మనిషి ముఖం దాకా దిగడానికి నాలుగు నిమిషాల పది సెకన్లని లెక్క తేలింది. ఇక మిగిలింది మనుషుల నడక. షిఫ్టులో ప్రతి ఒక్కరూ నడిచి చూపించాలి, ఆమె స్టాప్‌వాచీ పట్టుకుని వెంట నడవాలి.

మిగతావాళ్లు మూడు నిమిషాల్లో చేరారు. బాబాయి మొదటి అంతస్తు పళ్ల బిగువున దిగాడు. రెండోదాని సగంలో రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. చుట్టూ ఎవరూ లేరు.

"అమ్మడూ, ఆ వాచీ కాస్త ముందే ఆపలేవా?"

ఆమె వాచీని నడవనిచ్చింది. వాల్వు మీద ఆయన చెయ్యి పడ్డాకే ఆపింది. ఐదు నిమిషాల ఇరవై సెకన్లు.  ఉన్నదున్నట్టే రాసింది.

వారం తిరక్కుండా ఆయన్ని స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆయన ఆమెతో మాట మానేశాడు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా పిన్నినే అడిగేవాడు. "ఎదురుగా ఉన్నదాన్ని అడిగితే నోరు పడిపోతుందా?" అని పిన్ని విసుక్కునేది. ఆమె మాత్రం ఆఫీసులో అదే గదిని పదేపదే తగలబెట్టింది. తలుపులు మూసి చూసింది, నిప్పు చిన్నది చేసి చూసింది. ఆయన చేరుకోగల మంట ఒక్కటైనా ఉందేమోనని ఆశ. మనస్సాక్షికి నచ్చే లెక్క ఒక్కటీ రాలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం బాబాయి ఆమె గదికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏదీ, నీ మంట చూపించు."

చూపించింది. తెర మీద బూడిదరంగు పొగ నడవ పైకప్పంతా పాకి కిందికి దిగుతోంది.

"ఇందులో నేనెక్కడ?"

"మనుషులుండరు బాబాయ్. పొగ, వేడి, అంతే."

ఆయన నడవ మొదట్లో చూపుడువేలు పెట్టి, తన నడకెంతో అంత మెల్లగా జరపసాగాడు. సగం దాటకముందే పొగ వేలి మీదికి దిగింది.

"ఇక్కడ పడిపోతాను కదూ?"

"అవును బాబాయ్." ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఆయన వేలు తీసేశాడు. "అయితే నన్ను బతికించావన్నమాట," అన్నాడు. ఆ మాటలో సంతోషం కోసం ఆమె ఎంతో వెతుక్కుంది. ఆయన కుర్చీ చేతులు ఊతం చేసుకుని లేచి, మెల్లగా స్టోర్సుకు వెళ్లిపోయాడు.